తిరుగు సీసా

హైమావతి పెట్టెను బోర్లించి అడుగున గట్టిగా తట్టింది. గుప్పెడు ఎండు నెత్తళ్ళ చేపలు బల్ల మీద రాలాయి. వాటిని పక్కనున్న గంపలోకి తోసి, పెట్టె లోపలంతా పొడిగుడ్డతో తుడిచి, తూకపుపలక మీద పెట్టింది.

"శూన్యం," అంది.

"ధ్రువీకరించబడింది. కృతజ్ఞతలు, హైమావతి గారూ," అంది గోడలోంచి సమన్వయి, సహాయం లెక్కలు చూసే కృత్రిమ మేధ. దాని గొంతు ఎప్పుడూ ఎవరిదో శుభలేఖ చదువుతున్నట్టే ఉంటుంది.

కిటికీ దగ్గర కాచుకున్న డ్రోను తూనీగ వంగి, పెట్టెను కాళ్ళతో ఇరికించుకుని, పడమటికి, దాతలుండే వైపు లేచిపోయింది. దాని చోట ఇంకొకటి వాలింది.

తరవాతి పెట్టెలో మునగాకు కట్ట. ఆ తరవాతి దాంట్లో జీడిపిక్కలు. ఇంకోదాంట్లో ఎవరో చిన్నపిల్ల తన జడ రిబ్బనుతో మూట కట్టిన గవ్వలు. గవ్వల దగ్గర హైమావతి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అవెంత బరువుంటాయి గనక? కాని తూకపుపలక ముందు ఆ వాదన చెల్లదని ఆమెకు అనుభవమే. గవ్వలు కూడా గంపలోకి వెళ్ళాయి.

"శూన్యం."

"ధ్రువీకరించబడింది."

నాగులరేవు ఆసరా మండపంలో ఆమె ఉద్యోగం పేరు సంధాత. దాతలకూ, వాళ్ళు ఇచ్చింది పంచే చేయూత సమాఖ్యకూ, తుఫాను తిన్న ఊరికీ మధ్య నిలబడటం ఆ పని. పెట్టెలు దులపడం ఆమె విధుల్లో ఎక్కడా రాసి లేదు. రాసి ఉన్న విధులకు మాత్రం తీరిక దొరకడం లేదు.

తుఫానుల పేర్లు అక్షరమాల వరసలో పెడుతున్నారు. ఈసారి 'ఠ' దగ్గరికి వచ్చేసరికి పేరు పెట్టేవాళ్ళకు ఏదీ తోచక 'ఠీవి' అన్నారట. ఠీవి నిజంగానే ఠీవిగా వచ్చింది. పాకల్నీ, పడవల్నీ, రొయ్యల చెరువుల్నీ ఎత్తుకుపోయి, వెళ్తూ వెళ్తూ ఊళ్ళోని బావులన్నిటినీ ఉప్పు చేసి పోయింది. మిగిలింది స్తంభాల మీద నిలబెట్టిన ఈ మండపం ఒక్కటే. దాని కింద సమాఖ్య తెచ్చి పెట్టిన ఉప్పుతీత యంత్రమే ఇప్పుడు ఊరికి గొంతుక. అది తిరిగితే మంచినీళ్ళు, ఆగితే సముద్రం.

పెట్టెల్లో బియ్యం, మందులు, దుప్పట్లు వస్తాయి. పెట్టెలు మళ్ళీ వాడుకునేవి కనక వెనక్కి పంపాలి. తకరారంతా అక్కడే. ఒకరింటి నుంచి వచ్చిన గిన్నెను ఒట్టిగా తిప్పి పంపడం నాగులరేవులో ఎవరి చేతికీ అలవాటు లేదు. ఠీవి వెళ్ళిన కొత్తలో వెనక్కి పోయిన పెట్టెలన్నీ ఎంతో కొంత బరువు తూగాయి. ఈ ఊళ్ళో తినగా మిగులుతోందని సమన్వయి లెక్క కట్టింది. ఊరి అవసరాన్ని కొలిచే అక్కర సూచీ పడిపోయింది. దానితోపాటు యంత్రం వదిలే నీళ్ళూ సగానికి పడిపోయాయి. హైమావతి ఊరందరినీ మండపంలో కూర్చోబెట్టి, సూచీ అంటే ఏమిటో, పెట్టెలు ఎందుకు ఒట్టిగా వెళ్ళాలో వివరంగా చెప్పింది. అందరూ బుద్ధిగా తలలూపారు. మర్నాడు పెట్టెల్లో అవే వస్తువులు, కాకపోతే కాస్త తక్కువ తక్కువగా ఉన్నాయి.

"బరువు తగ్గించాం గదమ్మా," అన్నారు.

ఇక వాళ్ళకు చెప్పడం మానేసి, తనే దులపడం మొదలుపెట్టింది. గంపలో పోగైనవాటిని సాయంత్రాలు మండపం వంటింట్లోంచి అదే జనానికి సహాయం కింద పంచేస్తుంది. ఎవరి నెత్తళ్ళు వాళ్ళింటికి వెళ్ళకుండా చూసుకోవడం ఒక్కటే అందులో కష్టం.

ఇన్నాళ్ళలో ఆమె కళ్ళుగప్పి దాటిపోయింది ఒకే ఒక్క పెట్టె. ఆ ఒక్కదాని వల్లే ఈ ఉదయం నుంచి యంత్రం ఆగిపోయింది.

మెట్ల కింద బిందెల వరస పెరుగుతోంది. ఎవరూ అరవడం లేదు. అరిస్తే దాహం వేస్తుందని అందరికీ తెలుసు.

"ఏటమ్మాయ్, ఇంకా అవే దులుపుతున్నావా?" అంటూ నూకరత్నం మెట్లెక్కి వచ్చింది. ఊళ్ళో పచ్చళ్ళు పెట్టడంలో ఆమె చెయ్యే చెయ్యి. ఇల్లు పోయినా జాడీ మోసుకుని పరిగెత్తిన మనిషి. దాటిపోయిన ఆ పెట్టెలో ఉన్నది ఆమె నెత్తళ్ళ పచ్చడి సీసాయే.

"అంతా నీ చలవే పిన్నీ," అంది హైమావతి. "దుప్పటి మడతలో సీసా దాచి పెడితే నేనెలా చూస్తాను?"

"దాయలేదే! పగిలిపోద్దని సుట్టేను."

"దుప్పటి వెనక్కి ఎందుకు పంపావు అసలు?"

"రెండొచ్చేయి. నాకు ఒకటి సాలదేటి?"

హైమావతి కళ్ళు మూసుకుంది. ఇది సమన్వయి చెవిన పడిందేమో అని గోడ వంక చూసింది. గోడ మర్యాదగా ఊరుకుంది.

దాతల గవాక్షం తెరిచే వేళకు మోటారు పడవలో సమాఖ్య మనిషి దిగాడు. పేరు భార్గవ. నలభై దాటిన వయసు, ఉప్పు పట్టిన చెప్పులు, ఎన్ని మండపాలు తిరిగి వచ్చాడో గాని నిద్ర చాలని కళ్ళు. మెడలో నీలం తాడుకు యంత్రం చేతితాళం వేలాడుతోంది. సమన్వయి ఆపేసిన యంత్రాన్ని ఆ తాళంతో ఏ మనిషైనా తిప్పవచ్చు. కాని అందుకు ముందు సమాఖ్య మనిషి ఎవరో ఒకరు 'మనిషి పూచీ' అని పలికి, మంచిచెడ్డలు తన నెత్తిన వేసుకోవాలి. ఆ మాట పలికినవాళ్ళు మళ్ళీ ఆ తాళం మెడలో వేసుకోలేదని సమాఖ్యలో చెప్పుకుంటారు. అందుకే ఇన్నేళ్ళూ అది నగలా వేలాడుతూ ఉండిపోయింది.

"ముందు దర్శనం కానిద్దాం," అన్నాడు భార్గవ.

గవాక్షం తెరుచుకుంది. అటువైపు నుంచి దాతలు చూసే వేళ అది. మండపంలో అందరూ వరసగా కూర్చున్నారు. కొత్త చీరల అంచులు పాత దుప్పట్ల కిందికి వెళ్ళాయి. చిరునవ్వుకు అభ్యంతరం లేదు, గట్టిగా నవ్వితే మాత్రం విచారణ. పెచ్చులూడిన గోడకు సున్నం కొట్టిద్దామని హైమావతి పోయిన నెల అడిగితే, ఆ గోడ దాతల మనసుకు బాగా హత్తుకుందని, దాన్ని కదిలించవద్దని జవాబు వచ్చింది. ఇవాళ మాత్రం ఎవరూ నటించనక్కరలేకపోయింది. పెదవులు ఎండిపోయే ఉన్నాయి.

గవాక్షం మూసుకున్నాక భార్గవ సంచీలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు. నూకరత్నం సీసాయే. మూతకు ఆమె చుట్టిన వలతాడు ముక్క అలాగే ఉంది. లోపల మాత్రం పచ్చడి లేదు. ఎర్రగా, మెత్తగా ఏదో పొడి.

"ఇదే సాక్ష్యం," అన్నాడు. సీసాకు అతికించిన పలుకుబిళ్ళను గోటితో నొక్కాడు.

ఎవరో పెద్దావిడ గొంతు, కాస్త సిగ్గుపడుతూ వినిపించింది. "నమస్కారమండీ. నా పేరు ఇందుమతి. హైదరాబాదులో పై అంతస్తుల్లో ఉంటాం. ఈ సీసా ఎవరిదో తెలీదు గానీ, పచ్చడి కోసం మా ఇంట్లో పెద్ద యుద్ధమే అయింది. ఒట్టి సీసా తిప్పి పంపితే మా అత్తగారు పోయిన చోటి నుంచి లేచొస్తుంది. అందుకని కందిపొడి పెట్టాను. కారం తక్కువైతే ఏమీ అనుకోవద్దు."

నూకరత్నం ముఖం విప్పారింది. "బంగారు తల్లి!"

"ఆ బంగారు తల్లే మీ ఉప్పుతీతకు ముఖ్య దాత," అన్నాడు భార్గవ నీరసంగా. "దాతకు బాధితురాలి నుంచి వస్తువు ముట్టింది. దాత దానికి బదులు పంపింది. సహాయం అటు నుంచి ఇటు వచ్చిందా, ఇటు నుంచి అటు వెళ్ళిందా అన్నది సమన్వయికి తేలడం లేదు. తేలేదాకా యంత్రం తిప్పదు. హైమావతి గారూ, మీరు సంధాత. ఊరి తరఫున శూన్య వాంగ్మూలం పలికితే చాలు. ఆ సీసా పొరపాటున వెళ్ళింది, ఇవ్వదగినది ఈ ఊళ్ళో ఏదీ లేదు, అంతే. వెంటనే నీళ్ళొస్తాయి. నేను తరవాతి రేవుకు పోతాను."

"అంతేనా?" అంది హైమావతి.

"అంతే. మొన్న పడమటి రేవులో పలికారు, ఉత్తరపు రేవులో పలికారు. ఎవరికీ ఏమీ కాలేదు."

"అన్నం తిన్నారేటి బాబూ?" అంది నూకరత్నం.

భార్గవ తడబడ్డాడు. "అబ్బే, వద్దమ్మా. మీరు పెట్టారని తెలిస్తే మళ్ళీ మీ సూచీ..."

"కిటికీ మూసేరు గదండి," అందామె. అప్పటికే క్యారేజీ గిన్నెలు విప్పేసింది. అన్నం, కానాగంత చేపల పులుసు. హైమావతి ఆ అన్నం వంక చూసింది. ఈ ఉదయం ఊళ్ళో ఎవరింట్లోనూ అన్నం వండేటన్ని నీళ్ళు లేవు. నిన్నటి బిందె అడుగున మిగిలినవి పొయ్యి మీద పెట్టేసినట్టుంది ఈ మనిషి.

భార్గవ కూడా అది గ్రహించినట్టే ఉన్నాడు. వద్దనడానికి నోరు తెరిచి, పులుసు వాసన తగిలి మూసుకుని, చేతులు తుడుచుకుని కూర్చున్నాడు. నాలుగు ముద్దలు తిన్నాక అతని ముఖంలోకి రంగు వచ్చింది. తలెత్తి చూసేసరికి నూకరత్నం సీసా మూత తీసి అతని కంచంలో కందిపొడి వడ్డిస్తోంది.

"అమ్మా! అది సాక్ష్యం!"

"అదేనండి. కారం సరిపోయిందో లేదో సూడొద్దా? ఆయమ్మ అడిగింది గదా పాపం. కూసింత నూనేసుకోండి."

భార్గవ హైమావతి వంక దీనంగా చూశాడు. హైమావతి తన చెయ్యి కూడా చాపింది. "నాకూ ఓ చెంచాడు పెట్టు పిన్నీ. సంధాతగా పరిశీలించాలి."

కారం నిజంగానే తక్కువ. కాని కందిపప్పు బాగా వేగింది, వెల్లుల్లి చాలా రోజుల తరవాత నాలుకకు తగిలింది. మెట్ల దగ్గరున్న వాళ్ళు చేతులు చాచారు. సీసా అరిచేతి నుంచి అరిచేతికి తిరిగి, చివరికి గాజు మాత్రం మిగిలి బల్ల మీదికి వచ్చింది. సమాఖ్య చరిత్రలో సాక్ష్యం ఇంత త్వరగా జీర్ణమైన కేసు ఇంకోటి ఉండకపోవచ్చు.

తిన్నాక నూకరత్నం కంచాలు తీయబోతే భార్గవ ఆపాడు. "నేను కడిగి తెస్తాను," అని క్యారేజీ పట్టుకుని సముద్రం వైపు దిగి వెళ్ళాడు.

"హైమావతి గారూ," అంది సమన్వయి. "వాంగ్మూలానికి సంసిద్ధమేనా? నాగులరేవు వద్ద ఇవ్వదగినది ఏదీ లేదు. మీరు ఔను అంటే సరిపోతుంది."

మెట్ల కింద బిందెల వాళ్ళందరూ తలలెత్తారు. పడవలు బాగుచేసే ఎర్రయ్య రెండు బిందెలు రెండు చంకల్లో పెట్టుకుని అందరికంటే ముందున్నాడు. అతని కోడలు నిండు చూలాలు. మండపంలోనే ఓ మూల పడుకుని ఉంది.

హైమావతి బల్ల ముందు కూర్చుంది. రోజూ పొద్దుటి నుంచి ఎన్నిసార్లు అంటోందో ఆ మాట. 'శూన్యం' అనడం ఊపిరి తీసినంత తేలికైపోయింది. ఇంకోసారి అంటే ఏం పోయింది? వెళ్ళి ఓ గ్లాసు నీళ్ళు తాగి, కాసేపు నడుం వాల్చవచ్చు. ఆమెకు కావలసింది నిజంగా అదే. నోరు తెరిచింది. ఎదురుగా గంప ఉంది. నెత్తళ్ళు, మునగాకు, జీడిపిక్కలు, పైన గవ్వల మూట. రిబ్బను ముడి వదులైంది. ఏ పిల్లదో, తనకున్న ఒక్క రిబ్బనూ కట్టేసినట్టుంది.

"కాదు," అంది హైమావతి.

అన్నాక ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"పునరుచ్చరించండి," అంది సమన్వయి.

"కాదన్నాను. ఏమీ లేదనడం అబద్ధం. గంప నిండా ఉన్నాయి. రోజూ నేనే దులుపుతున్నాను. నువ్వు రోజూ తూచింది నా గుడ్డపీలిక పనితనం."

"అట్లయినచో నాగులరేవు దాతల వర్గానికి చెందుతుంది. దాతలకు ఉప్పుతీత యంత్రం వర్తించదు."

"దాతలూ కాదు. బావుల్లో ఉప్పు అలాగే ఉంది."

"బాధితులు కారు, దాతలు కారు. మూడవ వర్గం లేదు."

"లేదని నాకూ తెలుసు. చేర్చుకో."

"మూడవ వర్గం వెతకబడుతోంది," అంది సమన్వయి, కృతజ్ఞతలు చెప్పకుండా. కిటికీ దగ్గరి తూనీగ రెక్కలు ఆడించడం మరిచిపోయినట్టు అలాగే ఉండిపోయింది. కింద యంత్రంలో మాత్రం ఏ చప్పుడూ లేదు.

"బాగుందమ్మా!" అన్నాడు ఎర్రయ్య. "మాట శానా బాగుంది. ఇప్పుడీ బిందిలో ఏటి పొయ్యమంతావు, ఆ మాటా? లోపల పిల్ల నీళ్ళు నీళ్ళు అని ఏడుత్తంది."

హైమావతి నూకరత్నం వైపు చూసింది.

"నన్ను సూడకే," అంది నూకరత్నం. "నాకూ దాహంగానే ఉంది." ఆ మాట అని, బల్ల మీది సీసా తీసుకుని, కొంగుతో మెల్లగా తుడవడం మొదలుపెట్టింది. "అయితే ఒకటి. నువ్వు ఔనని ఉంటే ఈ సీసాలో మళ్ళీ ఏటి పెట్టి పంపేదాన్ని? ఏటీ లేనోళ్ళం గదా అప్పుడు."

"సీసా సంగతి తరవాత సూద్దువు గాని!" ఎర్రయ్య ఒక బిందె మెట్టు మీద ఠంగుమని పెట్టాడు. వెనక ఎవరో అవునన్నారు. హైమావతి గోడ వైపు తిరిగింది. ఇంకా మించిపోలేదు. ఔను అని ఒక్కసారి అంటే అయిపోతుంది. సమన్వయి పట్టింపులు పెట్టుకోదు. ఆ గుణం మాత్రం దాంట్లో మంచిదే.

భార్గవ మెట్లెక్కి వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసింది. గిన్నెలు కడగడానికి అంతసేపు పట్టదు. కింద నిలబడి అంతా విన్నట్టే ఉన్నాడు. తోమి మెరిపించిన క్యారేజీ నూకరత్నానికి అందించాడు.

"చూసుకోండమ్మా," అన్నాడు. "ఒట్టిగా ఇవ్వడం మా ఇంట్లోనూ అలవాటు లేదు. నా దగ్గర ఇంకేమీ లేదు."

నూకరత్నం పైగిన్నె మూత తీసింది. లోపల నీలం తాడు చక్కగా చుట్టి ఉంది, దాని మధ్యలో చేతితాళం.

ఎర్రయ్య మెడ చాచి చూసి, బిందె మీది నుంచి చెయ్యి తీశాడు.

"భార్గవ గారూ," అంది హైమావతి, "మీ ఉద్యోగం?"

"పులుసు తినకముందు ఆలోచించాల్సింది," అన్నాడతను. గోడ వైపు తిరిగి, గొంతు సవరించుకున్నాడు. "మనిషి పూచీ. భార్గవ, చేయూత సమాఖ్య. నాగులరేవు యంత్రం తిరగనీ. మంచిచెడ్డలు నావి."

"ఈ పదబంధం చివరిసారి ఎప్పుడు వినియోగించబడిందో వెతకవలసి ఉంది," అంది సమన్వయి. "నిరీక్షించండి."

"నువ్వు వెతుక్కో. ఈలోగా వీళ్ళు తాగుతారు," అన్నాడు భార్గవ.

తాళం తీసుకుని నూకరత్నమే కిందికి దిగింది. తనకిచ్చిన వస్తువు తనే వాడాలని ఆమె పట్టుదల. తాళం ఎటు తిప్పాలో తెలియక రెండు వైపులా తిప్పి, యంత్రాన్ని నాలుగు తిట్టింది. కాసేపటికి అది దగ్గింది, గుర్రుమంది, తిరిగింది. మొదటి బిందె ఎర్రయ్యదే. అతను నింపుకుని పైకొచ్చి, కోడలికి తాగించి, ఇంకో గ్లాసు ముంచి హైమావతి ముందు పెట్టాడు. ఆమె అది ఒక్క గుక్కలో తాగేసింది.

భార్గవ పడవ ఎక్కి కూర్చుంటుంటే అతని ఒళ్ళో ఏదో పొట్లం పడింది. ఎవరు వేశారో చూడకుండానే, దాన్ని భద్రంగా సంచీలో పెట్టుకున్నాడు.

పొద్దు వాలుతుండగా హైమావతి మిగిలిన పెట్టెల దగ్గరికి వచ్చింది. తరవాతి పెట్టె తీసి, అలవాటు కొద్దీ బోర్లించబోయి, ఆగి, నిలబెట్టింది. గంపలోంచి గవ్వల మూట తీసి, రిబ్బను ముడి బిగించి అందులో పెట్టింది. ఆ పక్కనే నూకరత్నం మళ్ళీ పచ్చడితో నింపిన సీసా, దుప్పటి చుట్టి, ఇందుమతి గారి పేరు మీద. పెట్టె తూకపుపలక మీదికి వెళ్ళింది.

"బరువు ఉన్నది," అంది సమన్వయి.

"ఉండనీ."

"ఏ వర్గంగా నమోదు చేయాలి?"

"నువ్వింకా వెతుకుతున్నావు కదా. దొరికాక రాసుకో."

తూనీగ పెట్టెను పట్టుకుంది. ఎప్పటిలా చటుక్కున లేవలేక, కిందికి జారి, సర్దుకుని, నెమ్మదిగా పడమటికి సాగింది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి. ఇవాళ దులిపే పని లేకపోవడంతో బల్ల తొందరగా ఖాళీ అయింది. హైమావతి గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుంది. పెచ్చు ఒకటి రాలి భుజం మీద పడింది.

"హైమావతి గారూ," అంది సమన్వయి చాలాసేపటికి. ఈసారి శుభలేఖ చదువుతున్నట్టు లేదు. "ఒక సందేహం. ఇందుమతి గారి వద్ద పెట్టె దించిన తరవాత తూనీగ ఒట్టిగా వెనుదిరుగుతుంది. అట్లా రావచ్చునా?"

హైమావతి కళ్ళు మూసుకునే ఉంది. నవ్వుదామంటే పెదవుల మీద పగుళ్ళు లాగాయి. ఆ నవ్వు విచారణకు వస్తుందేమోనని ఒక్క క్షణం అనిపించింది. అయినా నవ్వింది.

"ఆవిడనే అడుగు," అంది.